ముప్పై రోజుల గడువు

2012 ఆగస్టు 16న డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ కంపెనీకి బీసీసీఐ ఒక నోటీసు పంపింది. ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ ఆ కంపెనీదే. ఆటగాళ్లకు డబ్బులు బాకీ పడ్డారు, జట్టు మీది హక్కులను బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టారు, ఒప్పందం ప్రకారం ఇవన్నీ ఉల్లంఘనలే, 30 రోజుల్లో సరిదిద్దుకోండి అన్నది ఆ నోటీసు సారాంశం. కంపెనీ సెప్టెంబరు 13న జట్టును వేలానికి పెట్టింది. పీవీపీ వెంచర్స్ ఒక్కటే ముందుకొచ్చి 900 కోట్ల రూపాయలు ఇస్తామంది. చెల్లింపు షరతులు నచ్చక కంపెనీ వద్దంది. మర్నాడే, సెప్టెంబరు 14న, బోర్డు ఒప్పందాన్ని రద్దు చేసింది. క్యాలెండరు తీసి లెక్కపెడితే గడువు తీరడానికి ఇంకా ఒక రోజుంది.

మామూలు అభిమానికి అది పట్టింపులేని సంగతి. వకీలుకు మాత్రం కేసు సగం అక్కడే ఉంది. గడువు తీరకముందే రద్దు చేయడం చెల్లుతుందా అన్న ప్రశ్న మధ్యవర్తి ముందుకు వెళ్లింది. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి సి.కె. ఠక్కర్ ఏకసభ్య మధ్యవర్తిగా ఏళ్ల తరబడి విని 2020 జులైలో తీర్పిచ్చారు. రద్దు చెల్లదు, కంపెనీకి బీసీసీఐ సుమారు 4,800 కోట్ల రూపాయలు, ఆపైన వడ్డీ ఇవ్వాలన్నారు. అంత సొమ్ముతో ఆనాటి ధరల్లో ఎన్ని జట్లు కొనవచ్చో! ఆ సంబరం ఏడాదైనా నిలవలేదు. 2021 జూన్ 16న బొంబాయి హైకోర్టు జస్టిస్ గౌతమ్ పటేల్ ఆ భారీ మొత్తాన్ని కొట్టేశారు. సాక్ష్యాన్ని పట్టించుకోకుండా, తగిన కారణాలు చెప్పకుండా ఇచ్చిన తీర్పు నిలవదన్నారు.

ఈ వాదప్రతివాదాలు నడిచినన్నాళ్లూ ఆట ఆగలేదు. 2008లో 10.7 కోట్ల డాలర్లకు కొన్న జట్టు, 2009 మే 24న జోహన్నెస్‌బర్గ్‌లో ఆడం గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు ఎత్తిన జట్టు, 2012 చివరికల్లా కనుమరుగైంది. అక్టోబరులోనే సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్లకు హైదరాబాద్ జట్టును దక్కించుకుంది. సన్‌రైజర్స్ 2016లో కప్పు కూడా గెలిచింది. పాత జట్టు కాగితాలేమో ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కోర్టులోనే తిరిగాయి.

క్రీడల్లో వకీలు వృత్తి అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఈ కేసుకు మించిన పాఠం తెలుగునాట లేదు. కోర్టు గడియారం వేరు, ఆట గడియారం వేరు. పిచ్ మీద పదేళ్లు నిలబడితే గొప్ప. కేసు పదేళ్లు నడవడం మామూలు. ఈ రెండింటి నడుమ ఇరుక్కున్న ఆటగాడిని బయటపడేసేవాడే పనికొచ్చే క్రీడా న్యాయవాది. ఆటగాడు అసలు ఇరుక్కోకుండా చూసేవాడు ఇంకా పనికొస్తాడు గానీ, వాడి పేరు ఏ పేపర్లోనూ రాదు.

*

తాడిపత్రికి, గుత్తికి నడుమ ఉంటుంది యాడికి. సిమెంటు ఫ్యాక్టరీ, చేనేత మగ్గాలు, వాన పడితే శెనక్కాయ చేలు, కోన ఉప్పలపాడు దగ్గరి గుహలు. వకీలు అనగానే ఇక్కడివాళ్లకు గుర్తొచ్చేది గట్టు తగాదా, భాగపంపకం, చెక్కు బౌన్సు కేసు. తాడిపత్రి కోర్టుకో గుత్తి కోర్టుకో వాయిదాలకు తిరగడం. ఆటకూ నల్లకోటుకూ ఏం సంబంధమని అడిగితే నవ్వేవాళ్లే ఎక్కువ.

జిల్లా కేంద్రం అనంతపురం పక్కన ఆర్డీటీ క్రీడా గ్రామం చూసినవాళ్లకు ఈ ప్రశ్న అంత వింతగా అనిపించదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన సంస్థ ఈ కరువు నేలలో పచ్చటి మైదానాలు పరిచింది. రాఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో ఇక్కడ టెన్నిస్ బడి తెరిచింది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఇక్కడే జరిగాయి. శ్రేయస్ అయ్యర్, రుతురాజ్ గైక్వాడ్ జట్లు తలపడుతుంటే ఊళ్ల నుంచి జనం బస్సులెక్కి వచ్చి చూశారు. ఈ మైదానాల్లో ఆడి పెరిగిన జిల్లా అమ్మాయి బారెడ్డి అనూష 2023 జులైలో బంగ్లాదేశ్ మీద భారత్ తరఫున టీ20 ఆడింది.

ఇలాంటి మైదానానికి వచ్చే పిల్లవాడికి వకీలు అవసరం సంతకం పెట్టే రోజున కాదు, చాలా ముందే పడుతుంది. మొదటి కాగితం పుట్టినతేదీ. పల్లెల్లో బడిలో చేర్పించేటప్పుడు అయ్యవారు జూన్ 1 అనో జులై 1 అనో రాసేయడం ఒకప్పుడు మామూలే. ఆధార్‌లో ఇంకో తేదీ, పంచాయతీ రికార్డులో మరో తేదీ. అండర్-16కు ఎంపికయ్యే కుర్రాడికి బీసీసీఐ మణికట్టు ఎక్స్‌రే తీయించి ఎముక వయసు లెక్కగడుతుంది. ఎముక ఒకటి చెప్పి కాగితం ఇంకొకటి చెబితే మోసగాడన్న ముద్ర పడేది కుర్రాడి మీదే. తప్పు రాసిన అయ్యవారు ఎప్పుడో రిటైరై ఉంటాడు. ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయించాలంటే ఇదివరకు మేజిస్ట్రేటు కోర్టు ఉత్తర్వు కావలసి వచ్చేది. 2023 సవరణ తర్వాత ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు వంటి అధికారుల చేతికి వచ్చింది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరాలన్నా జనన ధ్రువపత్రమే ఆధారం. తాలూకా కోర్టులో పనిచేసే జూనియర్ ప్లీడరు ఈ ఒక్క కాగితాన్ని సరిచేయించగలిగితే ఒక క్రీడా జీవితాన్ని కాపాడినట్టే. ఫీజు మాత్రం వేలల్లో కూడా ఉండకపోవచ్చు.

*

ఆటగాళ్ల వ్యవహారాలు చూసే వ్యాపారానికి ఆద్యుడు కూడా ఒక వకీలే. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ప్రాక్టీసు చేస్తున్న మార్క్ మెకార్మక్ 1960 ప్రాంతంలో గోల్ఫ్ ఆటగాడు ఆర్నాల్డ్ పామర్‌తో చేతులు కలిపి మాట అనుకున్నాడు. ఆ కరచాలనంలోంచి పుట్టిన ఐఎంజీ ప్రపంచంలోనే పెద్ద క్రీడా మేనేజ్‌మెంట్ కంపెనీ అయింది. బంతి, బూటు, చొక్కా, గడియారం, ఆటగాడి పేరు తగిలించి అమ్మగలిగిన ప్రతిదానికీ ఒక ఒప్పందం రాయవచ్చని చూపించాడాయన.

మన దగ్గర ఆ దారి అంత నున్నగా లేదు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం వకీలు ఒక కంపెనీలో నెల జీతానికి పూర్తికాలం ఉద్యోగిగా చేరితే ప్రాక్టీసు ఆపాలి. కేసు గెలిస్తే వచ్చిన దాంట్లో ఇంత శాతం అని ఫీజు మాట్లాడుకోకూడదు. ప్రకటనలు ఇచ్చుకోకూడదు. ఏజెంటు బతికేదేమో శాతాల మీదే. అందుకే ఇక్కడ ఈ వృత్తి రెండు పాయలుగా చీలింది. క్రీడా మేనేజ్‌మెంట్ కంపెనీలోనో, ఫ్రాంచైజీలోనో, లీగ్ ఆఫీసులోనో ఉద్యోగం చేస్తూ ఒప్పందాలు రాసేవాళ్లు ఒక పాయ. సొంత ఆఫీసు పెట్టుకుని ఆటగాళ్లకు, సంఘాలకు సలహాలిస్తూ, అవసరమైనప్పుడు కోర్టుకు వెళ్లేవాళ్లు రెండో పాయ. మొదటివాళ్లకు నల్లకోటు ఉండదు, నెల తిరిగేసరికి జీతం ఉంటుంది. రెండోవాళ్లకు కోటు ఉంటుంది, మొదటి కొన్నేళ్లు దాన్ని ఉతికించుకోవడానికి కూడా డబ్బులు చూసుకోవాలి.

రాసేది ఏమిటి? పీవీ సింధు ఉదాహరణ తీసుకుంటే తెలుస్తుంది. 2016 రియోలో వెండి పతకం గెలిచాక ఆమె వ్యాపార వ్యవహారాలు చూసిన బేస్‌లైన్ వెంచర్స్ మూడేళ్లకు 50 కోట్ల ఒప్పందం కుదుర్చుకుందని పత్రికలు రాశాయి. 2021లో టోక్యో కాంస్యం వచ్చిన రోజు ఇంకో సరదా జరిగింది. సింధుతో ఏ ఒప్పందమూ లేని కంపెనీలు ఆమె ఫోటో, పేరు పెట్టి, పక్కన తమ లోగో వేసి, శుభాకాంక్షలు చెప్పేశాయి. అభినందనలాగే ఉంటుంది. నిజానికది పైసా ఖర్చులేని ప్రకటన. డబ్బు కట్టి ఆమె పేరు వాడుకుంటున్న కంపెనీ ఊరుకుంటుందా? బేస్‌లైన్ దాదాపు 20 బ్రాండ్‌ల మీద చట్టపరమైన చర్యకు దిగింది. ఒక్కొక్కరి నుంచి 5 కోట్ల పరిహారం కోరుతున్నట్టు వార్తలొచ్చాయి. మన దేశంలో మనిషి పేరు, రూపం మీద వ్యాపార హక్కును కాపాడే ప్రత్యేక చట్టం లేదు. గోప్యత హక్కు, ట్రేడ్‌మార్కు, పాత కోర్టు తీర్పులు కలిపి కుట్టుకోవాలి.

ఆ కుట్టు ఎప్పుడూ నిలుస్తుందని చెప్పలేం. హైదరాబాద్ బౌలర్ మహ్మద్ సిరాజ్, మరికొందరు క్రికెటర్లు తమ పేర్లతో డిజిటల్ కార్డులు అమ్ముకునే హక్కును రారియో అనే కంపెనీకి ఇచ్చారు. ఇంకో కంపెనీ అలాంటి కార్డులే అమ్మేసరికి అందరూ కలిసి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆపుదల ఉత్తర్వు ఇవ్వలేదు. ఆటగాడి పేరు, అతని పరుగులు, వికెట్ల లెక్కలు అందరికీ తెలిసిన సమాచారం, వాటిని వాడుకోవడాన్ని ఇలా అడ్డుకోలేం అన్నది. ఇక ముందు ఇలాంటి ఒప్పందం రాసే వకీలు, హక్కు అమ్ముతున్నాం అని ఒక్క మాట రాసి ఊరుకోలేడు. ఏ హక్కు, ఎక్కడిదాకా, రేపు కోర్టు ఒప్పుకోకపోతే డబ్బు ఎవరు తిరిగి కట్టాలి, ఇవన్నీ రాయాలి.

*

ఒప్పందం దాటి తగాదా దాకా వెళ్లినప్పుడు మాత్రం గడియారమే ప్రత్యర్థి.

2013లో భారత బ్యాడ్మింటన్ లీగ్ జరుగుతుండగా, ఆఖరి నిమిషంలో ఆటగాణ్ని మార్చిన వివాదంలో గుత్తా జ్వాలను జీవితకాలం నిషేధించాలని బ్యాడ్మింటన్ సంఘం క్రమశిక్షణ కమిటీ సిఫారసు చేసింది. ఆమె ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. అక్టోబరులోనే, విచారణ తేలేదాకా ఆమెను ఆడనివ్వాలని కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. న్యాయం ఎవరి వైపు ఉందన్నది అప్పటికి తేలనేలేదు. ఆమె ర్యాకెట్ మాత్రం చేతిలోంచి జారలేదు. క్రీడా వకీలు దృష్టిలో అదే విజయం.

దీని పక్కన క్రికెటర్ అజహరుద్దీన్ కథ పెట్టి చూడాలి. 2000 డిసెంబరులో బీసీసీఐ ఆయన్ను జీవితకాలం నిషేధించింది. అప్పటికి 99 టెస్టులాడాడు. హైదరాబాద్ సివిల్ కోర్టు 2003లో నిషేధాన్ని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబరు 8న ఆ నిషేధం చట్టవిరుద్ధమని తేల్చింది. పన్నెండేళ్లు. తీర్పు చేతికొచ్చేసరికి ఆయన వయసు 49. వందో టెస్టు ఏ కోర్టూ ఇవ్వలేని వస్తువు.

ఇది మన కోర్టుల జబ్బు మాత్రమే అనుకుంటే పొరపాటు. బెల్జియం ఫుట్‌బాల్ ఆటగాడు జాన్ మార్క్ బోస్‌మన్ 1990లో ఒప్పందం ముగిశాక వేరే క్లబ్బుకు వెళ్లబోతే పాత క్లబ్బు అడ్డుపడింది. జాన్ లూయి డ్యూపాంట్ అనే కుర్ర వకీలు కేసు పట్టాడు. 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం బోస్‌మన్ వైపు తీర్పిచ్చింది. ఒప్పందం అయిపోయాక యూరప్ ఆటగాళ్లు ఇష్టమైన చోటికి వెళ్లడానికి, కోట్లు గడించడానికి దారి పడింది. బోస్‌మన్‌కు మాత్రం ఆడే వయసు దాటిపోయింది. వకీలు పేరు ప్రపంచమంతా మోగింది.

ఆట తగాదాలు త్వరగా తేలాలనే 1984లో స్విట్జర్లాండ్‌లోని లౌసాన్‌లో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం పుట్టింది. ఒలింపిక్స్ జరిగే ఊళ్లో ఇది 1996 నుంచి తాత్కాలిక విభాగం తెరుస్తుంది. సాధారణంగా 24 గంటల్లో తీర్పివ్వాలన్నది అక్కడి నియమం. 2024లో పారిస్‌లో 100 గ్రాముల బరువు ఎక్కువై ఫైనల్ పోగొట్టుకున్న రెజ్లర్ వినేశ్ ఫోగట్ తరఫున హరీశ్ సాల్వే, విదుష్పత్ సింఘానియా వాదించింది ఇక్కడే. ఆ అప్పీలు నెగ్గలేదు. అంతకుముందు ద్యుతీ చంద్ నెగ్గింది. ఒడిశాలో పుట్టి హైదరాబాద్‌లో శిక్షకుడు రమేశ్ దగ్గర సాధన చేసిన ఈ పరుగుల అమ్మాయిని, ఒంట్లో పురుష హార్మోను ఎక్కువుందని 2014లో పక్కన పెట్టారు. కెనడాలోని టొరంటో వకీళ్లు పైసా తీసుకోకుండా ఆమె తరఫున వాదించారు. 2015 జులైలో ఆ నిబంధనను న్యాయస్థానం నిలిపివేసింది. మరుసటి ఏడాది ఆమె రియోలో పరుగెత్తింది. కొన్నేళ్ల తర్వాత డోపింగ్ పరీక్షలో దొరికి నాలుగేళ్ల నిషేధం పడినప్పుడు, మందు తెలియక వాడానన్న వాదన నిలవలేదు. డోపింగ్ చట్టంలో ఒంట్లోకి ఏది వెళ్లినా బాధ్యత ఆటగాడిదే. మోకాలి నొప్పికి మెడికల్ షాపులో అడిగి మాత్ర తెచ్చుకునే పల్లె పిల్లలకు ఈ ముక్క ముందుగా చెప్పే వకీలు, తర్వాత వాదించే వకీలు కంటే ఎక్కువ మేలు చేస్తాడు.

*

క్రీడా సంఘాలను చక్కదిద్దే పని 2013 నుంచి ఇద్దరు తెలుగు వకీళ్ల చేతుల మీదుగా నడిచిందంటే చాలామంది నమ్మరు.

లావు నాగేశ్వరరావు చీరాలలో పుట్టారు. నాగార్జున విశ్వవిద్యాలయంలో చదివి 1982లో గుంటూరు జిల్లా కోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టారు. హైదరాబాద్ హైకోర్టు, అక్కడి నుంచి ఢిల్లీ. 2013లో ఐపీఎల్ ఫిక్సింగ్ గొడవ బయటపడినప్పుడు సుప్రీంకోర్టు వేసిన ముద్గల్ కమిటీలో ముగ్గురు సభ్యుల్లో ఆయనొకరు. ఆ విచారణ ఫలితంగానే 2015లో చెన్నై, రాజస్థాన్ జట్లు రెండేళ్లు వెలిపడ్డాయి. 2016లో బార్ నుంచి నేరుగా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 2022లో రిటైరయ్యాక విశ్రాంతి దొరకలేదు. ఒలింపిక్ సంఘం నియమావళి మార్చి ఎన్నికలకు దారి వేసే పని ఆయనకే అప్పగించారు. ఆ ఎన్నికల్లోనే పి.టి. ఉష అధ్యక్షురాలయ్యారు. 2023 ఫిబ్రవరిలో, కుమ్ములాటలతో కుళ్లిపోయిన హైదరాబాద్ క్రికెట్ సంఘాన్ని ఏకసభ్య కమిటీగా చేతిలోకి తీసుకున్నారు.

అక్కడ ఆయన చేసిన పనిలో ఒకటి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. ఒకే మనిషి, అతని బంధువులు అనేక క్లబ్బులు గుప్పిట్లో పెట్టుకుని ఓట్లు వేయించుకోవడం ఆ సంఘంలో పాతుకుపోయిన ఆట. నాగేశ్వరరావు ఓటర్ల జాబితా తిరగేసి 57 క్లబ్బుల మీద వేటు వేశారు. అదే ఊపులో, సంఘం అధ్యక్షుడిగా ఉంటూ డెక్కన్ బ్లూస్ క్లబ్బుకూ అధ్యక్షుడిగా ఉన్నందుకు అజహరుద్దీన్‌ను ఎన్నికలకు అనర్హుడన్నారు. పన్నెండేళ్లు పోరాడి బోర్డు మీద గెలిచిన మనిషి ఒక నియమం దగ్గర ఆగిపోయాడు. ఎన్నికలు 2023 అక్టోబరులో జరిగాయి. అన్ని రోగాలూ కుదిరాయని ఎవరూ అనరు గానీ, ఎవరు ఓటరో తేల్చడమే సగం వైద్యమని ఆ జాబితా చూసినవాళ్లకు తెలుసు.

రెండోవారు పమిడిఘంటం శ్రీనరసింహ. ప్రకాశం జిల్లా మూలాలున్న కుటుంబం, హైదరాబాద్‌లో చదువు. 2019 మార్చిలో బీసీసీఐ కేసులో ఆయన్ను కోర్టు సహాయకుడిగా నియమించారు. బోర్డు ప్రక్షాళనకు లోధా కమిటీ సూచించిన సంస్కరణలు ఒప్పుకోని రాష్ట్ర సంఘాలను ఒక్కొక్కటిగా కూర్చోబెట్టి మాట్లాడి, చిక్కుముళ్లు విప్పారు. ఆ అక్టోబరులో బోర్డు ఎన్నికలు జరిగి సౌరవ్ గంగూలీ అధ్యక్షుడయ్యాడు. 2021లో నరసింహ కూడా బార్ నుంచి నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 సెప్టెంబరు 19న భారత ఫుట్‌బాల్ సమాఖ్య కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించిన ధర్మాసనం ఆయనదే. ఆ రాజ్యాంగాన్ని సిద్ధం చేసి కోర్టుకు నివేదిక ఇచ్చింది నాగేశ్వరరావు!

*

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం ఈ వృత్తికి కొత్త వాకిలి తెరిచింది. సంఘాల తగాదాలు, ఎంపికల తగాదాలు ఇకమీదట జాతీయ క్రీడా ట్రైబ్యునల్‌కు వెళ్లాలి, దాని మీద అప్పీలు సుప్రీంకోర్టుకు. వాదించేవాళ్లకు చట్టంతో పాటు ఆట కూడా తెలిసి ఉండాలి. ఈ పని ఢిల్లీ చుట్టూనే పోగవుతుందన్న అనుమానం తీసిపారేసేది కాదు. అనంతపురం ఆటగాడు ఢిల్లీ దాకా రైలు టికెట్, లాయరు ఫీజు ఎక్కడినుంచి తెస్తాడన్న ప్రశ్నకు చట్టంలో జవాబు వెతకాల్సిందే.

యాడికి లాంటి ఊరి నుంచి ఈ దారి పట్టాలనుకునేవాళ్లకు ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సు ఉన్నాయి. క్లాట్ రాసి హైదరాబాద్ నల్సార్‌కో, విశాఖ పక్కన దామోదరం సంజీవయ్య వర్సిటీకో వెళ్లవచ్చు. లాసెట్ రాసి దగ్గరి కాలేజీలో చేరవచ్చు. ఆపైన ఆలిండియా బార్ పరీక్ష. క్రీడా చట్టం పని ఎక్కువగా దొరికే ఊళ్లలో ఇక్కడివాళ్లకు బెంగళూరే దగ్గర. క్రికెటర్లకు, ఒలింపిక్ ఆటగాళ్లకు చాలాకాలంగా సలహాలిస్తున్న నందన్ కామత్ ఉండేది అక్కడే. గోస్పోర్ట్స్ ఫౌండేషన్ ఆయన నడిపించిందే.

మొదటి ఉద్యోగం ఐపీఎల్‌లో దొరుకుతుందని కలలు కనడం దండగ. ఆంధ్రా ప్రీమియర్ లీగ్, ప్రో కబడ్డీ, ఖోఖో లీగ్ లాంటి చోట్ల జూనియర్‌కు పని ఉంటుంది. ఆటగాళ్ల ఒప్పందాల్లో ఖాళీలు నింపడం, గాయమైతే జీతం ఆగుతుందా లేదా అన్న షరతు వెతికి పట్టుకోవడం, స్పాన్సర్ లోగో చొక్కా మీద ఎన్ని అంగుళాలుండాలో సరిచూడటం. ఫుట్‌బాల్ వైపు వెళ్లాలంటే ఫిఫా 2023 నుంచి ఏజెంట్లకు పరీక్ష పెడుతోంది. 20 ప్రశ్నలు, గంట సమయం, పుస్తకం పక్కనే పెట్టుకోవచ్చు, 75 శాతం వస్తేనే లైసెన్సు. ప్రశ్నలు ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ భాషల్లోనే ఉంటాయి. తెలుగు మీడియంలో చదివి తాడిపత్రి కోర్టులో సీనియర్ వెనకాల కేసు కట్టలు మోస్తున్న కుర్రాడు ఆ నియమావళిని ముందు ఇంగ్లీషులో నమిలి మింగాలి. కానీ కోర్టు భాష కూడా చివరికి ఇంగ్లీషే కాబట్టి, ఆ కుస్తీ వాడికి ఎలాగూ తప్పేది కాదు.